తొలిదెబ్బ మాడ

నీలిగవి అడుగున వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గవి గోడల నిండా నెమలికంఠం రంగు రాళ్ళు. వాటి సందుల్లోంచి నీరు సన్నని ధారలుగా దిగి, అడుగున పరుచుకున్న తెల్లని ఇసుకలో చప్పుడు లేకుండా ఇంకిపోతుంది. గోడలను అల్లుకున్న తీగలకు అరచేయంత పూలు. ఆ పూలకు వాసన లేదు, వాటి మీద తుమ్మెద వాలదు. తల పైకెత్తితే ఆకాశం చింతగింజంత కనిపిస్తుంది. అంచున నిలబడి తొంగిచూసిన బాటసారులు ఆహా ఎంత సొగసు అనుకుంటూ తమ దారిన పోతారు. దిగినవాళ్ళు ఏమనుకున్నారో చెప్పడానికి ఎవరూ తిరిగి రాలేదు.

కొమ్మన దిగాడు. దిగాడనడం కంటే పడ్డాడనడం న్యాయం. సగం దూరంలో తాడు తెగింది. ఇసుక మెత్తగా ఉండబట్టి ఒంట్లో ఎముకలు మిగిలాయి. లేచి, ఒళ్ళు దులుపుకుని నాలుగడుగులు వేసేసరికి, చూరులా ముందుకు పొడుచుకొచ్చిన ఒక బండ కింద తాను వెతుకుతున్నది కనిపించింది. నలభై రోజులు కొండలూ కోనలూ గాలించిన మనిషి, అది దొరకగానే మోకాళ్ళ మీద కూలబడి, దొరక్కపోయినా బాగుండేదని ఏడ్చాడు.

అక్కడ ఒక పసివాడి ఎముకలు ఉన్నాయి. గోడకు ఆనుకుని, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ఆరేళ్ళ పిల్లవాడు చలికి ఎలా పడుకుంటాడో అలాగే ఉన్నాయి. కాళ్ళ దగ్గర బంగారు మువ్వలు. ఎదురుగా ఇసుకలో గులకరాళ్ళు వరుసగా పేర్చి ఉన్నాయి. ముందు ఒక పెద్ద రాయి, దాని వెనక రెండు బారులుగా చిన్న రాళ్ళు. ఏనుగు ముందు నడుస్తుంటే వెనక సైన్యం అన్నమాట. గాలి కూడా చొరని ఆ చోట పన్నెండేళ్ళుగా ఆ సైన్యం కదలకుండా నిలబడి ఉంది. మెడ ఎముకల మధ్య ఒక బంగారు మాడ పడి ఉంది.

కొమ్మన మాడను చేతిలోకి తీసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. తడికళ్ళతో నాణెం ఆనదు. కేసరికూటం టంకశాలలో పుట్టి పెరిగినవాడు, ఇల్లు తగలబడుతున్నా సరే, చేతికొచ్చిన నాణేన్ని ముందు తిప్పి చూస్తాడు.

కేసరికూట రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాజుకు మగబిడ్డ పుడితే, ఆ బిడ్డ పేర కొట్టే మొదటి మాడకు సమ్మెట ఎత్తవలసింది కన్నతండ్రి. దాన్ని తొలిదెబ్బ అంటారు. పని చూడడానికి తేలికే. కింది అచ్చులో సింహం ఉంటుంది, పై అచ్చులో తామర. కాల్చి మెత్తబరిచిన బంగారు బిళ్ళను కింది అచ్చు మీద పెట్టి, దాని మీద పై అచ్చు నిలబెట్టి ఒక్క దెబ్బ వేయాలి. కాని రాజుల చేతికి కత్తి అలవాటు, సమ్మెట కాదు. ఒకాయన కొట్టిన సింహానికి తోక బిళ్ళ దాటిపోయింది. ఇంకొకాయన చేయి వణికి సింహానికి రెండు తలలొచ్చాయి. ఎన్ని వంకరలు పోయినా ఆ మాడను కరిగించరు, దిద్దరు. ఆ తప్పును చిట్టాలో రాసి, మాడను బిడ్డ మెడలో కడతారు. తండ్రి చేతి తప్పే ఆ బిడ్డకు గుర్తు.

పద్దెనిమిదేళ్ళ కిందట కుందకేతు రాకుమారుడు పుట్టినప్పుడు రాజు ఆనందంలో ఒళ్ళు మరిచి రెండుసార్లు కొట్టాడు. మొదటి దెబ్బకు మాడ పై అచ్చుకే అతుక్కుపోయింది. ఆయన అది చూడలేదు. ఇంకో బిళ్ళ పెట్టి మళ్ళీ వేశాడు. ఆ రెండో మాడకు ఒకవైపు సింహం మామూలుగా ఎత్తుగా లేచింది. రెండోవైపు తామర పడవలసిన చోట, అతుక్కున్న మాడ మీది సింహమే దిగబడి, కుడిఎడమలు తారుమారై, లోతైన గుంట సింహం పడింది. అదే కుందకేతుడి గుర్తు. టంకశాల అధికారి వెన్నయ, అంటే మన కొమ్మన తండ్రి, తన చేత్తోనే దాన్ని చిట్టాలో రాశాడు.

ఆ పిల్లవాణ్ణి ఆరేళ్ళప్పుడు ఉలూకాక్షుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. రాజు ఆ దిగులుతోనే పోయాడు. రాణి చారుమతీదేవికి ఏడ్చి ఏడ్చి చూపు పోయింది. పన్నెండేళ్ళు గడిచాక, ఇప్పటికి నలభై రోజుల కిందట, ఒక యువకుడు మెడలో గుంట సింహం మాడతో, పక్కన ఒక గురువుతో కోటకు వచ్చి రాణిని అమ్మా అని పిలిచాడు. ఊరంతా తోరణాలు కట్టింది. వెన్నయ ఒక్కడు ఆ మాడను తిప్పి చూసి, "ఇది పుట్టుకతో వచ్చిన తప్పు కాదు, తర్వాత తిన్న దెబ్బ," అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన్ను చెరసాలలో వేశారు. ఈ రోజు మధ్యాహ్నం పట్టాభిషేకం. దానికి ముందు వెన్నయను ఏనుగు కాళ్ళ కింద పడేస్తారు.

అసలు మాడ తెస్తేనే తండ్రి బతుకుతాడు. అసలు మాడ తెస్తే ఆ గుడ్డితల్లికి కొడుకు చచ్చిపోతాడు. కొమ్మన పరిస్థితి ఇదీ.

అతను మాడను వెలుతురుకు పట్టాడు. కాల్చిన బిళ్ళ ఒక్క దెబ్బకు విచ్చుకున్నందువల్ల అంచు చుట్టూ జొన్నరొట్టె అంచుకు ఉన్నట్టు సన్నని పగుళ్ళు ఉన్నాయి. ఎత్తు సింహం ముక్కు పదునుగా ఉంది, గుంట సింహం అడుగు నున్నగా ఉంది. అనుమానానికి తావులేదు, ఇది తొలిదెబ్బే. అయితే ఎత్తు సింహం పాదాల కింద ఖాళీ జాగాలో కొన్ని గీతలు ఉన్నాయి. అవి మాత్రం టంకశాలవి కావు. రాతి మొనతో ఎవరో గీసినవి. ఎవరో ఏమిటి, ఆ చోట ఇంకెవరున్నారు. లెక్కపెడితే పదకొండు ఉన్నాయి. ఎందుకు గీశాడో కొమ్మనకు అంతుపట్టలేదు.

పై ఉత్తరీయం తీసి ఎముకల మీద కప్పి, "రాకుమారా, మళ్ళీ వచ్చి ఇంటికి తీసుకెళ్తాను," అని చెప్పాడు. గులకరాళ్ళను ముట్టుకోలేదు.

అంతలో వెనక ఇసుక లేచింది. ఏనుగు గున్నంత ఉడుము ఒకటి ఇసుకలోంచి తల బయటపెట్టింది. ఒళ్ళంతా నీలిరాళ్ళ రంగు, రెండు పాయల నాలుక బారెడు. నోరు తెరిచి మీదికొచ్చింది. కొమ్మన ఎముకలకు దూరంగా ఉన్న ఇంకో బండ చాటుకు దూకాడు. దాని తోక దెబ్బకు బండ రెండు చెక్కలైంది. అతని చూపు మాత్రం గోడ మీద పడింది. పైదాకా ఒకే వరుసలో గోళ్ళ గాట్లు. అంటే ఇది రోజూ తెల్లవారగానే పైకి పాకి ఎండ కాచుకుంటుందన్నమాట. ఇక ఆలోచించలేదు. మాడను దవడలో పెట్టుకుని, దాని వీపు మీదికి ఉరికి, నడుంకట్టు విప్పి దాని పొట్ట చుట్టూ బిగించి పట్టుకున్నాడు. ఉడుంపట్టు అని లోకమంతా అంటుంది. ఉడుమునే పట్టిన పట్టు ఆ రోజు కొమ్మనది. అది విదిలించింది, గోడకేసి రాసింది, చివరికి విసుగెత్తి తన అలవాటు ప్రకారం పైకి పాకింది. రాళ్ళు రాలాయి, తీగలు తెగాయి, భుజం తోలు లేచిపోయింది. అంచు అందగానే కొమ్మన పక్కకు దొర్లాడు. ఉడుము అతని వంక కూడా చూడకుండా ఎండలో బార్లా పడుకుంది.

సూర్యుడు బారెడు పైకొచ్చాడు. రాజధాని మూడామడల దూరం. చెట్టుకు కట్టిన గుర్రం విప్పి ఎక్కాడు. తుమ్మల అడవి దాటాడు, మొసళ్ళున్న రేవులో గుర్రాన్ని ఈదించాడు. కోట బయటి వంతెన దగ్గరకొచ్చేసరికి కావలివాళ్ళు వెన్నయ కొడుకు కోసం ప్రతి మొహమూ గడ్డం పట్టుకుని చూస్తున్నారు. పట్టాభిషేకానికి వెళ్తున్న ఒక సోదెమ్మ వంతెనకు ఇవతల చద్ది తింటోంది. కొమ్మన ఆమెకు గుర్రం జీను మీది వెండి పూసలన్నీ ఊడదీసి ఇచ్చి, చీర, బుట్ట, బెత్తం ఇమ్మన్నాడు.

"ఆ మీసంతో నా చీర కడితే చీరకే పరువు తక్కువ నాయనా," అంది ఆమె.

ఇరవై రెండేళ్ళ కొమ్మన కష్టపడి పెంచిన మీసం కత్తి మొనకు పోయింది.

ఆ రోజు కేసరికూటాన్ని చూసినవాళ్ళు దేవతలు కట్టిన ఊరనుకుని ఉంటారు. ఏడు ప్రాకారాల మీదా ఏడు రంగుల జెండాలు. వీధివీధిన పన్నీటి కళ్ళాపి, ముత్యాల ముగ్గులు, అరటి గెలలతో ద్వారాలు. కొలువుకూటం మెట్లకు చందనం పూశారు. పన్నెండేళ్ళుగా మూత పడ్డ నగారాలకు కొత్త తోళ్ళు బిగించారు. నడుమ సింహాసనం, దాని పక్కన తెల్లని పట్టుబట్టల్లో రాణి. సింహాసనం ముందు, నూనూగు మీసాల యువకుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడి ఉన్నాడు. అతని వెనక కళ్ళకు కాషాయపు గంత కట్టుకున్న గురువు. పగటి వెలుగు పడని కళ్ళట. ఉలూకాక్షుడంటే గుడ్లగూబ కళ్ళవాడని తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో ఇంతమంది ఉండి, ఒక్కరికీ అనుమానం రాలేదు.

"సోదె చెబుతానమ్మ, సోదె," అని కొమ్మన గొంతు సన్నం చేసి పిలిచాడు. భటులు అడ్డుపడ్డారు. రాణి చేయెత్తి రానిమ్మంది. పన్నెండేళ్ళలో ఆమె ఒక్క సోదెమ్మను కూడా వట్టి చేతులతో పంపలేదు.

అతను మోకరిల్లి ఆమె అరచేయి పట్టుకుని, అందులో మాడ పెట్టాడు.

రాణి బొటనవేలు కదిలింది. ఎత్తు సింహం మీద నడిచింది. మాడ తిప్పింది, గుంట సింహంలో దిగింది. అంచు చుట్టూ తిరిగింది. మళ్ళీ తిప్పి సింహం పాదాల దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి మెల్లగా, ఒక్కొక్క గీతా దాటుతూ వెళ్ళింది. ఆమె పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. తర్వాత గుప్పిలి మూసింది.

"సోదె చెప్పే చేతికి సమ్మెట కాయలుండవు," అంది ఆమె, పక్కవాళ్ళకు వినపడనంత మెల్లగా. "నువ్వు వెన్నయ కొడుకువు. ఇది ఎక్కడిది?"

"నీలిగవి అడుగున, తల్లీ."

కింద నగారా మోగింది. ఏనుగును తెచ్చారు. వెన్నయను సంకెళ్ళతో తెచ్చి బండ మీద పడుకోబెట్టారు. నలభై రోజుల చీకటి తర్వాత ఎండ తగిలి ఆయన కళ్ళు చికిలిస్తున్నాడు.

"తల్లీ, చెప్పండి," అన్నాడు కొమ్మన.

"ఒక్క గడియ ఆగు నాయనా."

"ఏనుగు వచ్చేసింది."

"ఈ గుప్పిలి విప్పితే నాకు కొడుకు లేడు," అంది రాణి. "ఒక్క గడియ ఉండనియ్యి."

ఏనుగు కాలెత్తింది. రాణి గుప్పిలి విప్పలేదు. కొమ్మన చీర విసిరేసి, మెట్ల మీంచి ఒక్క దూకు దూకి మావటివాడి చేతిలోని అంకుశం లాక్కుని ఏనుగు చెవి పక్కన గుచ్చాడు. అది ఘీంకరించి వెనక్కి తగ్గింది. పాదం వెన్నయ తలకు జానెడు దూరంలో నేలకు దిగింది. ఇరవై బల్లేలు కొమ్మన గుండెకు ఆనాయి.

"అసలు తొలిదెబ్బ మాడ దొరికింది. రాణిగారి చేతిలో ఉంది," అని అతను కేకపెట్టాడు. "నాణెం తీర్పు అడుగుతున్నాను."

నాణెం తీర్పు అడిగినవాణ్ణి చంపకూడదని ఆ రాజ్యపు చట్టం. ప్రధాని బల్లేలను దించమన్నాడు.

ముందు యువకుడి మాడ కావాలన్నాడు కొమ్మన. గురువు అడ్డుపడబోయాడు గాని, యువకుడే మెడలోంచి తీసి ఇచ్చాడు. "చూడన్నా. నాది నిజమైనదే," అన్నాడు, ఏ శంకా లేకుండా. ఆ అన్నా అన్న పిలుపు కొమ్మనకు ముల్లులా గుచ్చుకుంది. అయినా చెప్పవలసింది చెప్పాడు.

"ప్రధానిగారూ, ఈ మాడకూ ఒకవైపు గుంట సింహమే. కాని ఎత్తు సింహం మొహం చూడండి, చదునైపోయింది. టంకశాలలో రెండు మొహాలూ ఒకే దెబ్బకు పుడతాయి. ఒకదాన్ని ఒకటి నలపవు. దీన్ని తర్వాతెవరో తిరగేసి, మీద ఇంకో మాడ పెట్టి కొట్టారు. కింద ఆనిన మొహం నలిగింది. అంచు చూడండి, పగుళ్ళు లేవు, లోహం బయటికి పెదవిలా పొంగింది. చల్లటి బంగారాన్ని కొడితే అలాగే పొంగుతుంది. ఏటవాలుగా పట్టి చూడండి. గుంట సింహం నడుం దగ్గర రెండు తామర రేకులు కనిపిస్తాయి. తామరను అరగదీశారు గాని పూర్తిగా పోలేదు."

ప్రధాని ఏటవాలుగా పట్టాడు. రేకులు కనిపించాయి. యువకుడు కూడా తొంగిచూశాడు. చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"మరి అసలుది?" అన్నాడు ప్రధాని.

రాణి చేయి చాచి గుప్పిలి విప్పింది. చట్టం ప్రకారం దాన్ని చూడవలసింది టంకశాల అధికారి కనుక, మాడను సంకెళ్ళలో ఉన్న వెన్నయ చేతికే ఇచ్చారు. ఆయన ఒకసారి తిప్పి చూసి గట్టిగా ఏడ్చాడు. పద్దెనిమిదేళ్ళ కిందట పై అచ్చును నిలబెట్టి పట్టుకున్న చేతులవి.

"ఇది మన టంకశాల బిడ్డే," అన్నాడు.

"వెన్నయా," అంది రాణి. "సింహం కాళ్ళ కింద గీతలున్నాయి. అవి టంకశాలవా, తర్వాతివా?"

వెన్నయ గీతలను చూశాడు, కొడుకు మొహం చూశాడు. ఆ మొహంలో ఏం కనిపించిందో, ఆయనకు మొత్తం అర్థమైంది. ఆరేళ్ళ పిల్లవాడు ఆ గవిలో పడగానే పోలేదు. నాణెం విషయంలో అబద్ధమాడడం కంటే ఏనుగు కాలే మేలనుకున్న మనిషి, నోరు తెరిచి, "టంకశాలవే తల్లీ. అచ్చుకు గీతలు పడ్డాయి," అన్నాడు.

గురువు పకపకా నవ్వాడు. "అచ్చుకు గీత పడితే నాణెం మీద ఎత్తుగా లేస్తుంది. ఇవి గుంటలు. టంకశాలలో పొయ్యి ఊదేవాడికి కూడా తెలిసిన ముక్క ఇది. ప్రధానిగారూ, నాణెం తీర్పులో ఒక్క అబద్ధం దొరికితే తీర్పంతా చెల్లదని కదా మీ చట్టం. ఏనుగును నడిపించండి."

ప్రధాని తల దించుకున్నాడు. చట్టం అదే. కొమ్మనకు ఆ గురువు మీద కోపం కంటే తండ్రి మీద జాలే ఎక్కువైంది. కాని తీర్పు చెల్లకపోతే తండ్రీ ఉండడు, రాజ్యమూ ఉండదు.

"మా నాన్న అబద్ధం చెప్పాడు," అన్నాడు. "పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిది. తల్లి వింటుందని చెప్పాడు. ఆ గీతలు టంకశాలవి కావు. చిన్న చేయి రాతి మొనతో గీసినవి. ఒక్కసారి గీసినవి కూడా కావు. మొదటివి లోతుగా ఉన్నాయి. పోనుపోను..."

"పోనుపోను పైపైన ఉన్నాయి. నా వేలికి తెలిసింది," అంది రాణి. "పదకొండు. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా వాడు కొంగు పట్టుకుని ఏడ్చేవాడు. రోజుకో గీత గియ్యి నాన్నా, పది గీతలయ్యేసరికి వచ్చేస్తానని చెప్పి వెళ్ళేదాన్ని. ఏనాడూ మాట తప్పలేదు. ఎప్పుడూ పదో గీతకు వచ్చేసేదాన్ని. పది గీశాక కూడా నేను రాలేదు. ఇంకొకటి గీశాడు."

ఏనుగు మావటివాడు మొహానికి తలగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

రాణి మెడలోని నల్లతాడు పైకి లాగింది. దానికి ఒక మాడ ఉంది. పద్దెనిమిదేళ్ళ కిందట పై అచ్చుకు అతుక్కుపోయిన మొదటి మాడ అది. కరిగించానని చెప్పి రాజు చిట్టాలో అలాగే రాయించి, దాన్ని ఎవరికీ తెలియకుండా భార్యకిచ్చాడు. ఆమె వెన్నయ చేతిలోంచి కొడుకు మాడ తీసుకుని రెండింటినీ కలిపింది. ఎత్తు సింహం గుంట సింహంలో దిగి, గోరు కూడా దూరనంతగా అతుక్కుంది.

"ఈ అబ్బాయి వచ్చిన రోజునే అతని మాడను దీనికి పెట్టి చూశాను," అంది. "అమరలేదు. వెన్నయా, నువ్వు నిజం చెప్పావు, నేను విన్నాను, ఊరుకున్నాను. అమ్మా అని పిలుస్తుంటే ఊరుకున్నాను."

యువకుడు గురువు వైపు తిరిగాడు. "గురువుగారూ, మరి నేనెవర్ని?"

"ఎవరివీ కావు," అన్నాడు గురువు, కళ్ళ గంత లాగి పారేస్తూ. రెప్ప వేయని పసుపుపచ్చ కళ్ళు రెండు పళ్ళేల్లా విచ్చుకున్నాయి. "సంతలో తప్పిపోయి ఏడుస్తున్నవాణ్ణి ఎత్తుకొచ్చాను. నీ జ్ఞాపకాలు తుడిచి ఈ పేరు పెట్టాను. రేపు ఇంకో రాజ్యంలో ఇంకో పేరు పెడతాను."

ఉలూకాక్షుడి భుజాల నుంచి బూడిదరంగు రెక్కలు పుట్టుకొచ్చాయి. విసిరిన విభూతి మంటలై తోరణాలకు అంటుకుంది. పన్నీటి కుండలు పగిలాయి, బల్లేలు గాలిలోనే మైనంలా వంగిపోయాయి. వాడు యువకుణ్ణి నడుం పట్టి ఎత్తుకుని, కొలువుకూటం కప్పు చీల్చుకుని ఉత్తర దిక్కుకు ఎగిరిపోయాడు. పైనుంచి, తాను ఎవరూ కాదని అప్పుడే విన్న ఆ యువకుడు, అలవాటైన గొంతుతో "అమ్మా" అని ఒకే ఒక్క కేక పెట్టాడు.

రాణి లేచి నిలబడింది. చేతులతో తడుముకుంటూ మెట్లు దిగి కొమ్మన ఎదుటికి వచ్చింది.

"వాణ్ణి తీసుకురా," అంది.

"వాడు మీ కొడుకు కాదు తల్లీ."

"కాదు. నా కొడుకు పిలిచిన పదకొండు రోజులూ నాకు వినపడలేదు. వీడు పిలవడం విన్నాను."

కొమ్మనకు అప్పుడు కోపం వచ్చింది. ఇంతసేపూ ఎక్కడ దాగిందో, ఒక్కసారిగా పొంగింది. "మా నాన్నను నలభై రోజులు చీకట్లో ఉంచారు. నిజమని తెలిసీ ఉంచారు. ఏనుగు కాలెత్తినా గుప్పిలి విప్పలేదు."

"విప్పలేదు," అంది రాణి. "క్షమించమని అడగడం లేదు. వెళ్ళనన్నా నిన్ను తప్పు పట్టను. వాడి కోసం వెళ్ళేవాళ్ళు ఇంకెవరూ లేరు, అందుకని అడుగుతున్నాను."

భటులు వెన్నయ సంకెళ్ళు ఊడదీస్తున్నారు. ఒక చేతి సంకెల ఊడింది, ఇంకో చేతిది ఇంకా ఊడలేదు. ఆయన కొడుకు వంక చూశాడు.

"గుర్రానికి నీళ్ళు పెట్టావా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"పెట్టి వెళ్ళు. ఉత్తరాన మూడు రోజుల దాకా చెరువు లేదు."

కొమ్మన తండ్రి పాదాలు ముట్టుకున్నాడు. వంతెన దగ్గర వదిలిన గుర్రాన్ని తెప్పించి, అది తొట్టిలో మూతి పెట్టి తాగుతున్నంతసేపూ ఆగాడు. ఉత్తర ద్వారం దూలాలు అప్పటికే భగభగ మండుతూ ఒక్కొక్కటీ కూలుతున్నాయి. ఎక్కి, కళ్ళెం చేతిలోకి తీసుకుని, రాణి వైపు తిరిగాడు.

"నేను మిమ్మల్ని క్షమించలేదు తల్లీ," అని చెప్పి, గుర్రాన్ని మంటల్లోకి ఉరికించాడు.